రెండో బంతి

మన ఇళ్ళల్లో "రెండు" అన్న అంకెకున్నంత అప్రతిష్ఠ మరే అంకెకీ లేదు. అబ్బాయికి సెకండ్ క్లాసు వచ్చిందంటే "ఏదో పాసయ్యాడండీ" అని మాట దాటేస్తాం. సెకండ్ హాండ్ కుట్టుమిషను కొంటే పొద్దుగూకాక ఆటోలో తెప్పించుకుంటాం. రెండో సంబంధం అంటే పెదవి విరుస్తాం. పెళ్ళిలో రెండో బంతికి కూర్చోవాలన్నా మొహం చిట్లిస్తాం, పప్పు చల్లారిపోతుందనీ, బూరెలు అయిపోతాయనీ. తమాషా ఏమిటంటే, మొదటి బంతికి వడ్డించి, అందరూ చేతులు కడుక్కున్నాక మిగిలినదానితో సరిపెట్టుకునేది మనమే. రెండోది కూడా కాదు, ఆఖరి బంతి మనది! అయినా ఆ మాటంటే మనకే చులకన.

ఈ చులకన వంటింట్లోనే ఆగిపోతే నేను కలం పట్టేదాన్ని కాదు. అది ఆటల మైదానం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి తిరిగొచ్చి మన ఆడపిల్లల నెత్తిమీద కూచుంది. అందుకని ఈ వారం ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాను. దయచేసి పేజీ తిప్పెయ్యకండి. "మగవాళ్ళ గోల మనకెందుకూ" అనీ అనకండి. ఇది గోలు సంగతే గాని గోల సంగతి కాదు.

మొన్నామధ్య మా ఇంట్లో నలుగురూ చేరారు. ప్రపంచ కప్పు మాటొచ్చింది. "మన దేశం ఫుట్‌బాల్‌కి ఎందుకూ పనికిరాదు వదినా" అన్నాడు మా మరిది, పకోడీ నములుతూ. "అదేవిటయ్యా, 2008లో హైదరాబాదులో మొదలైన పోటీలో మనవాళ్ళు కప్పు గెలవలేదూ?" అన్నాను. అంతే, గది ఘొల్లుమంది. "అదా! అది కప్పేవిటి వదినా, కాఫీ కప్పు! పెద్ద దేశాలేవీ ఆడని పోటీ అది. రెండో రకం వాళ్ళ కోసం పెట్టింది" అన్నాడు. మా బావగారు పెద్దమనిషి, నవ్వలేదు గాని, "నిజమేలే అమ్మాయ్" అన్నట్టు తల పంకించారు.

పకోడీలు వేసింది నేనే గనక, ఇంటికొచ్చినవాళ్ళతో వాదనేమిటని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

అసలా కప్పు సంగతేమిటో ముందు చెప్తాను. ఫుట్‌బాల్ లోకంలో దేశాలన్నీ ఒకే బెంచీ మీద కూర్చోవు. ఆసియాలో జపాన్, దక్షిణ కొరియా, ఇరాన్, సౌదీ అరేబియా ముందు బెంచీవాళ్ళు. వాళ్ళతో వెనక బెంచీవాళ్ళు ఆడితే అర డజను గోల్స్ తిని ఇంటికి రావడమే. అలా తింటూ కూర్చుంటే ఆట ఎప్పుడొస్తుంది? ఒకటో తరగతి పిల్లని తీసుకెళ్ళి పదో తరగతి లెక్కల పరీక్షకి కూర్చోబెడితే సున్నా వస్తుంది, ఏడుపూ వస్తుంది, లెక్కలు మాత్రం రావు. అందుకని ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య అప్పుడే ఎదుగుతున్న దేశాల కోసం వేరే ఒక పోటీ పెట్టింది. దాని పేరు ఏ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్పు. మొదటిసారి 2006లో బంగ్లాదేశ్‌లో జరిగింది. తజికిస్తాన్ గెలిచింది.

రెండోసారి 2008లో మన వంతు. జూలై 30న హైదరాబాదులో మొదలైంది. లాల్ బహదూర్ స్టేడియం, గచ్చిబౌలి స్టేడియం ముస్తాబయ్యాయి. ఎనిమిది దేశాలు. మనతోబాటు ఆఫ్ఘనిస్తాన్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఉత్తర కొరియా, మయన్మార్, నేపాల్, శ్రీలంక. మా మరిది నవ్వింది ఈ జాబితా చూసే. కాని ఆ కప్పుతోబాటు ఇంకోటి ఇస్తామన్నారు. గెలిచినవాళ్ళు 2011లో జరిగే ఆసియా కప్పులో, అంటే ముందు బెంచీవాళ్ళ పోటీలో, నేరుగా వెళ్ళి కూర్చోవచ్చు. అదీ అసలు సంగతి. మెట్లెక్కలేనివాళ్ళకి పక్కనించి ఒక చిన్న తలుపు తీశారన్నమాట.

ఆ తలుపులోంచి మనవాళ్ళు సుళువుగా నడిచిపోయారనుకుంటున్నారా? అబ్బే! ఆఫ్ఘనిస్తాన్ మీద ఆఖరి క్షణాల దాకా ఒక్క గోలూ పడలేదు. క్లైమాక్స్ లారెన్స్ అని మన ఆటగాడు, పేరుకి తగ్గట్టు సరిగ్గా ఆఖర్న ఒక గోలు వేసి గట్టెక్కించాడు. తజికిస్తాన్‌తో 1-1. తుర్క్‌మెనిస్తాన్ మీద 2-1, రెండూ బైచుంగ్ భూటియా వేసినవే. సెమీఫైనల్లో మయన్మార్ మీద సునీల్ ఛెత్రి వేసిన ఒకే ఒక్క గోలుతో 1-0. ఈలోగా వానలు. శ్రావణమాసపు వానలు మనకి తెలియనివి కావు. హైదరాబాదు మైదానం బురద బురదైపోయి, ఫైనల్‌ని ఢిల్లీకి మార్చేశారు. అక్కడ ఆగస్టు 13న తజికిస్తాన్‌ని 4-1తో ఓడించారు. ఛెత్రి ఒక్కడే మూడు గోల్స్ వేశాడు. అతనికి అప్పటికి నిండా 24 ఏళ్ళు.

సరిగ్గా ఆ వారంలోనే బీజింగ్‌లో ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఆగస్టు 11న అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచాడు. దేశమంతా అటే చూసింది, చూడాల్సిందే. కాని రెండు రోజుల తర్వాత వచ్చిన ఈ గెలుపు ఎందరికి గుర్తుంది? 1984 తర్వాత ఆసియా కప్పు గడప తొక్కని దేశం, 27 ఏళ్ళకి మళ్ళీ ఆ గడప తొక్కడానికి హక్కు సంపాదించుకుంది. ఇది కాఫీ కప్పా?

ఇంకో మాట. మనం మొదట్నించీ వెనక బెంచీవాళ్ళం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టుది నాలుగో స్థానం. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ జట్లని తయారుచేసింది ఎవరనుకున్నారు? సయ్యద్ అబ్దుల్ రహీం అని హైదరాబాదు బడిపంతులు. 2024లో "మైదాన్" అని హిందీ సినిమా వచ్చింది, ఆయన కథే. 1962 జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాదువాడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. అంత వైభవం!

అలాంటిది 2008 నాటికి ఎదుగుతున్న దేశాల పోటీలో పేరు రాయించుకోవాల్సి వచ్చింది. బతికి చెడ్డ ఇల్లన్నమాట. చూడండీ, బతికి చెడ్డ ఇళ్ళని నిలబెట్టడం ఆడవాళ్ళకి తెలిసినంతగా మగవాళ్ళకి తెలియదు. మండువా లోగిలి అమ్ముకున్నాక అద్దె వాటాలో దీపం పెట్టేది ఎవరు? "మా తాతగారి రోజుల్లో ఏనుగు ఉండేది" అని వాలుకుర్చీలో కూచుని చెప్పేవాళ్ళు కాదు. నాలుగు కేజీల మినుములు అరువు తెచ్చి అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టిన ఇల్లాలు. ఆ ఛాలెంజ్ కప్పు మన ఫుట్‌బాల్‌కి ఆ అప్పడాల పిండి. 1962ని తలుచుకుని మీసం దువ్వుతూ 2008ని చూసి నవ్వడం వాలుకుర్చీ బుద్ధి.

"సరే వదినా, మరి ఆసియా కప్పుకి వెళ్ళి ఏం వెలగబెట్టారు?" అంటాడు మా మరిది. అనకముందే చెప్పేస్తాను. 2011 జనవరిలో దోహాలో మూడు ఆటలూ ఓడిపోయాం. ఆస్ట్రేలియా 4-0, బహ్రెయిన్ 5-2, దక్షిణ కొరియా 4-1. మొత్తం 13 గోల్స్ తిన్నాం, మూడు వేశాం. దాచేదేముంది? కాని కొరియా మీద మన గోల్‌కీపర్ సుబ్రతా పాల్ ఆపిన బంతుల్ని పరాయివాళ్ళు కూడా మెచ్చుకున్నారు. బహ్రెయిన్ మీద రెండు గోల్స్ వేశామంటే ఆసియా కప్పులో వేశాం, గుమ్మం బయట నిలబడి కాదు. ఇంటర్‌లో చేరిన పిల్ల మొదటి మూడు పరీక్షల్లో తప్పిందని, పదో తరగతి పాసవడమే దండగ అంటారా ఎవరైనా?

అసలు తప్పు దోహాలో లేదు, ఆ తర్వాత ఉంది. ఆసియా కప్పులో సీటు ఖాయమయ్యాక చిన్న కప్పుని మనం ఏం చేశామో చూడండి. 2010 పోటీకి కుర్రాళ్ళ జట్టుని పంపాం. గ్రూపు దాటలేదు. 2012లో కాఠ్మండులో మూడు ఆటలూ ఓడి, ఒక్క గోలూ వెయ్యకుండా తిరిగొచ్చాం. 2014 పోటీకి అర్హతే రాలేదు. అంటే, 2015 ఆసియా కప్పుకి వెళ్ళే ఆ తలుపు మన మొహం మీద మూసుకుంది. అదే 2014లో ఆ తలుపులోంచి ఎవరు నడిచారో తెలుసా? పాలస్తీనా. ఫైనల్లో ఫిలిప్పీన్స్‌ని 1-0తో ఓడించి, మొట్టమొదటిసారి ఆసియా కప్పుకి వెళ్ళింది. ఇల్లూ వాకిలీ నిలకడగా లేని జనానికి ఆ "రెండో రకం" కప్పు ఎంతటి పండగో ఒక్కసారి ఊహించండి. ఆ తర్వాత ఆ పోటీనే ఎత్తేశారు. ఆసియా కప్పులో జట్లని 16 నించి 24కి పెంచాం కదా, ఇంక చిన్న పోటీ ఎందుకన్నది లెక్క. ఆ పెంపువల్ల మనమూ 2019లో, మళ్ళీ 2024 జనవరిలో వెళ్ళొచ్చాం. అయినా 2025లో అర్హత ఆటల్లో సింగపూర్ చేతిలోనూ బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడి, 2027 పోటీకి దూరమయ్యాం. పందిట్లో ఆకులు పెంచినా, మన ఆకలికి తగ్గ అభ్యాసం ఎక్కడో కింద దొరకాలిగా!

యూరపువాళ్ళు ఈ విషయంలో మనకన్నా తెలివైనవాళ్ళు. 2018లో వాళ్ళొక పోటీ మొదలుపెట్టారు, నేషన్స్ లీగ్ అని. దేశాలన్నిటినీ ఏ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. ఎవరి తరగతిలో వాళ్ళు ఆడాలి. బాగా ఆడితే పై తరగతి, చెడగొట్టుకుంటే కింది తరగతి. 2024-25 సంవత్సరంలో ఆ డి తరగతిలో, అంటే అట్టడుగున, శాన్ మరీనో అని ఒక బుల్లి దేశం ఆడింది. చుట్టూ ఇటలీ. ఆ దేశం మొత్తం జనాభా సుమారు 34 వేలు. మా నరసాపురం పట్టణంలో 2011 జనాభా లెక్కల ప్రకారమే 58 వేల పైచిలుకు. అంటే వాళ్ళ దేశం మొత్తాన్నీ తెచ్చి మా ఊళ్ళో పెడితే ఇంకా ఇళ్ళు అద్దెకి మిగులుతాయి! అలాంటి ఊరంత దేశం 2004 ఏప్రిల్‌లో ఒక ఆట గెలిచింది. ఆ తర్వాత 20 ఏళ్ళు, 140 ఆటలు, ఒక్క గెలుపు లేదు. ప్రపంచ పట్టికలో 210వ స్థానం, అంటే చిట్టచివర.

140 ఆటలు! మనింట్లో పిల్ల రెండుసార్లు ఓడితే బూట్లు అటకెక్కించేస్తాం. వాళ్ళు ఎక్కించలేదు. చాలామంది పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం ఆడేవాళ్ళు. 2024 సెప్టెంబరు 5న లీక్టెన్‌స్టెయిన్ అనే ఇంకో బుల్లి దేశం మీద 19 ఏళ్ళ కుర్రాడు నికో సెన్సోలి గోలు వేశాడు. 1-0. గెలిచారు. నవంబరు 18న అదే దేశం మీద, ఈసారి వాళ్ళ గడ్డ మీదే, మొదటి సగంలో ఒక గోలు వెనకబడి, రెండో సగంలో మూడు వేసి 3-1తో గెలిచి సి తరగతికి పాసయ్యారు. డి నించి సికి! మన పెద్దలైతే "సి యేగా" అనేవారు.

డి తరగతే లేకపోతే ఆ గెలుపు ఎక్కణ్ణుంచి వచ్చేది? ఇంగ్లండు చేతిలోనూ జర్మనీ చేతిలోనూ చావుదెబ్బలు తింటూ ఇంకో 20 ఏళ్ళు గడిపేవారు. తన ఈడుజోడు వాళ్ళతో ఆడుకునే చోటొకటి ఉంటేనే ఓడినవాడికి గెలుపు రుచి తెలుస్తుంది. ఇది జాలి కాదు, దానం అంతకన్నా కాదు. ఆట నేర్పే పద్ధతి.

ఇక మన సంగతికి వద్దాం. పైది, కిందిది అని గీత గీసేవాళ్ళు ఎప్పుడూ కింది పనిని పనే కాదంటారు. మా నరసాపురం లేసు తీసుకోండి. వసిష్ఠ గోదావరి ఒడ్డున అరుగుల మీద కూచుని మా ఆడవాళ్ళు దారంతో అల్లిన పువ్వులు దేశదేశాలకి వెళ్ళాయి. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ అల్లేవాళ్ళ బతుకుల మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలి పుస్తకం 1982లో వచ్చింది. రోజుకి గంటల తరబడి అల్లినా, ఆ పనిని అందరూ "తీరిక వేళ ఏదో కాలక్షేపానికి" చేసేదిగానే లెక్కగట్టారని ఆవిడ ఎత్తిచూపించింది. కాలక్షేపం కాబట్టి కూలీ తక్కువ. చూశారా, పేరు తగ్గిస్తే విలువ దానంతటదే తగ్గుతుంది. "రెండో రకం కప్పు" అన్న మాటలో ఉన్న కిటుకూ అదే. అల్లినవాళ్ళకి లేసు విలువ తెలుసు, ఆడినవాళ్ళకి కప్పు విలువ తెలుసు. తెలియనిది పకోడీలు తినేవాళ్ళకే.

ఇంతవరకూ మగవాళ్ళని అన్నాను. ఇప్పుడు మనవైపు తిరుగుతున్నాను, కోపగించుకోకండి.

మా వీధిలో ఒకావిడ కూతురు ఎనిమిదో తరగతి. బళ్ళో డ్రిల్లు మేష్టారు ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతూ ఏ టీము, బి టీము అని రెండు చేశారు. ఈ పిల్ల బి టీములో పడింది. సాయంత్రం నాలుగున్నరకి జడలు రెండూ పైకి కట్టుకుని, గంతులేసుకుంటూ వెళ్ళేది. పదిహేను రోజులకే కనబడ్డం మానేసింది. ఏమమ్మా అని అడిగితే వాళ్ళమ్మ, "బి టీమటండీ వదినగారూ! ఏ టీమైతే సర్టిఫికెట్టన్నా వస్తుంది. బి టీముకి ఎండలో నల్లబడ్డం తప్ప ఏముందీ? మాన్పించేశాను" అంది. అదే ఇంట్లో అబ్బాయి మూడేళ్ళుగా క్రికెట్ ఆడుతున్నాడు. ఇంతవరకూ ఏ టీములోనూ లేడు, బి టీములోనూ లేడు. బౌండరీ దగ్గర మంచినీళ్ళ సీసాలు మోస్తాడు. వాడికి బ్యాటు కొన్నారు, ప్యాడ్లు కొన్నారు, వేసవి శిక్షణకి భీమవరం పంపారు. "ఇవాళ కాకపోతే రేపు వస్తుందండీ" అన్నారు.

రేపు అనేది అబ్బాయికే ఉంటుందా? అమ్మాయి మాత్రం పుట్టీపుట్టగానే ఏ టీములో ఉండాలి, లేకపోతే ఇంట్లో ఉండాలి. ఆమెకి డి తరగతి లేదు, సి తరగతి లేదు, 140 సార్లు ఓడే హక్కు అసలే లేదు. సంగీతమైనా అంతే, లెక్కలైనా అంతే. "రేడియోలో పాడేంత గొంతా నీది?" అని పాఠం మాన్పిస్తాం. "కలెక్టరయ్యే తెలివా?" అని చదువు మాన్పిస్తాం. మనం మాన్పించిన ప్రతి పనికీ మన దగ్గర ఒకటే కారణం: "మొదటి రకం కాదు."

ఇందాక చెప్పిన రహీంగారు హైదరాబాదులో ఒక చిత్రమైన పద్ధతి పెట్టారు. ఆటగాళ్ళకి పోటీలు పెట్టి, అలవాటున్న కాలితో తన్నకూడదు, బలహీనమైన కాలితోనే ఆడాలి అనేవారట. కుడికాలివాటం వాడు ఎడంకాలితో, ఎడంకాలివాటం వాడు కుడికాలితో. చేతకాని కాలికి ఒక పోటీ! ఎందుకు? దానికీ ఆడే చోటు చూపిస్తే అదీ బలపడుతుందని. ఆ చేతకాని కాళ్ళే జకార్తాలో బంగారం తెచ్చాయి. పంతులుగారు కాలికిచ్చిన అవకాశం మనం కన్నకూతురికి ఇవ్వలేమా?

"అయితే ఏమిటండీ, రెండో రకంతో సంతృప్తి పడమంటారా?" అని మీరు అడగొచ్చు. అడగాల్సిన మాటే. వద్దు, బాబోయ్! శాన్ మరీనో వాళ్ళు డి తరగతిలో ఉండిపోతామని ఆడలేదు, సికి వెళ్ళడానికి ఆడారు. మనవాళ్ళు ఛాలెంజ్ కప్పుని గూట్లో పెట్టుకుని మురవడానికి గెలవలేదు, దోహాకి వెళ్ళడానికి గెలిచారు. మెట్టు మీద కాపురం పెట్టమని నేనడం లేదు. మెట్టు కొట్టెయ్యకండి అంటున్నాను. పై మెట్టు ఎక్కాక కింది మెట్టుని కాలితో తన్నిన దేశానికి 2012లో ఏం జరిగిందో పైన రాశాను.

ఆడపిల్లలకి ఆటేమిటంటారా? నిజామాబాదు జిల్లా తాండా నించి వచ్చిన గుగులోతు సౌమ్యని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంచింది. 2025 జూలైలో మన ఆడపిల్లల జట్టు థాయ్‌లాండ్‌ని వాళ్ళ దేశంలోనే 2-1తో ఓడించి, 2026 ఆసియా కప్పుకి అర్హత సంపాదించింది. మగపిల్లలు ఆ ఏడాదే చేతులెత్తేశారని మా మరిదికి ప్రత్యేకంగా చెప్పాను. ఈ అమ్మాయిలంతా తల్లికడుపులోంచే ఏ టీములోకి దిగారనుకుంటున్నారా? ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒక చిన్న మైదానంలో, ఏ పత్రికా రాయని చిన్న పోటీలో మొదలుపెట్టే ఉంటారు. అప్పుడు వాళ్ళమ్మ "నల్లబడతావు, ఇంట్లో ఉండు" అని ఉంటే?

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు "మా అమ్మాయికి ర్యాంకెంత?" అన్న ప్రశ్న అయ్యాక ఇంకో ప్రశ్న అడగండి. "ఆడపిల్లలకి బి టీము ఉందా? సి టీము ఉందా? లేకపోతే ఎప్పుడు పెడతారు?" హెడ్‌మాస్టరుగారు కళ్ళజోడు పైకి తోసుకుని మిమ్మల్ని వింతగా చూస్తారు. చూడనివ్వండి. పక్క ఊరి బి టీముతో మన ఊరి బి టీముకి ఓ ఆట పెట్టించండి. మీరూ వెళ్ళి గట్టు మీద కూచోండి, మజ్జిగ పట్టుకెళ్ళండి. పిల్లలు ఆరు గోల్స్ తేడాతో ఓడినా సరే, మర్నాడు నాలుగున్నరకి మళ్ళీ పంపండి.

ఇంటికొచ్చి ఎవరైనా "బి టీమేగా" అని నవ్వితే, వాళ్ళకి ఆ పూట పకోడీలు వెయ్యకండి.